శేషయ్య గారి వరండాలో రాసిన వాంగ్మూలాలు

"తాతయ్యా, హత్య కేసులో సాక్షుల్లో ముందు ఎవర్ని అడగాలి? మీరైతే ఎవర్ని అడిగేవాళ్లు?"

ఆఁ? ముందు ఎవర్నా? అది తర్వాత సంగతే అమ్మాయ్. ఎక్కడ కూర్చుని అడగాలో ముందది నేర్చుకో. ఎస్సైగా సెలెక్టయ్యావు, ఎల్లుండి ట్రైనింగుకి పోతున్నావు, మీ అకాడమీలో సెక్షన్లన్నీ బట్టీ పట్టిస్తారు. కుర్చీ ఎక్కడ వేసుకోవాలో మాత్రం ఎవడూ చెప్పడు. ఆ ఫోను ఇటు పెట్టు, రికార్డవుతోందా? అవనీలే. ఇది ఎవరికి వినిపించినా నాకేం భయం లేదు. ఇంక నన్నెవడు ఏం చేస్తాడు!

చెప్తాను. పన్నెండేళ్లయింది... కాదు కాదు, మీ అమ్మకి ఆపరేషన్ అయిన ఏడు అది, అంటే పదమూడు. నువ్వు అప్పుడు నాలుగో తరగతి. నేను హెడ్ కానిస్టేబుల్ని, స్టేషన్ రైటర్ని. రైటరంటే తెలుసుగా, ఎస్సై అడుగుతాడు, సాక్షి చెప్తాడు, మనం రాస్తాం. నా చేతిరాత బాగుంటుందని ఏ స్టేషన్‌కి బదిలీ అయినా ఆ బల్ల దగ్గరే కూర్చోబెట్టేవాళ్లు. ఊరి పేరు చెప్పనులే, ఇప్పటికీ ఆ పిల్లలంతా అక్కడే ఉన్నారు. సాగర్ కాలువకి ఆఖరున ఉండే ఊరు. పైన వాళ్లు తాగగా మిగిలిన నీళ్లు వీళ్లకి. పత్తి, మిరప.

మిరపకాయలు ఆరబోసే కల్లాలు నువ్వు చూశావు కదా, రోడ్డు పక్కన ఎర్రగా పరిచి ఉంటాయి చూడూ, అవే. పొద్దున్నే పరుస్తారు, ఎండంతా ఆరనిస్తారు, పొద్దుగూకేటప్పటికి కుప్ప చేసి మంచు పడకుండా పైన టార్పాలిన్ పట్టా కప్పుతారు. ఇది అక్కడ పసిపిల్లకైనా తెలుసు. నాకూ తెలుసు, నాకు తెలియకపోవడమేంటి! మా అమ్మ, అంటే మీ తాతమ్మ, మిరపకోతలకి పోయి నన్ను చదివించింది. అన్నం కలిపి పెడితే నోరు మండేది మాకు. ఎన్నిసార్లు కడిగినా ఆ చేతికి ఘాటు పోయేది కాదు. అలాంటి దాని కడుపున పుట్టిన నేను... సరే, వస్తాను అక్కడికి.

సుబ్బారావని ఒక కౌలు రైతు. నలభై ఏళ్లుంటాయి. మూడెకరాలు కౌలుకి చేస్తున్నాడు. పెళ్లాం పేరు సామ్రాజ్యం. ఆవిడ చెల్లెలికి పొన్నూరులో కాన్పయితే చూడటానికి వెళ్లింది. ఈయన కల్లంలోనే పడుకుంటాడు కాపలాకి, కాబట్టి రాత్రి ఇంటికి రాలేదేంటని ఎవరూ అనుకోరు. ఆవిడ మర్నాడు పొద్దున్నే మొదటి బస్సుకి దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా కల్లానికొచ్చింది, కాయలు పరుద్దామని. పట్టా తీసింది. కుప్పలో మొగుడి కాలు.

అంతే. తలకి దెబ్బ. మొద్దు వస్తువు, వెనకనించి. కాయలన్నీ మీదికి లాగి పైన పట్టా కప్పేశారు. డాక్టరు గారు ఏమన్నాడంటే, కాయల వేడిలో ఉంది శవం, ఎప్పుడు చనిపోయాడో గట్టిగా చెప్పలేను, ముందురోజు మధ్యాహ్నం నించి రాత్రి వరకూ ఎప్పుడైనా కావచ్చు అన్నాడు. మా ఎస్సై, కుర్రాడు, కొత్తగా వచ్చాడు, చురుగ్గా ఉంటాడు కానీ అన్నిటికీ తొందర. ఆయన ఏమన్నాడంటే, పట్టా కప్పి ఉంది కాబట్టి కాయలు కుప్ప చేశాకే జరిగింది, అంటే పొద్దుగూకాక. అక్కడే తేల్చేశాడు. నేను కూడా అవునండీ అన్నాను. అనకపోతే నా సొమ్మేం పోయేది!

ఇప్పుడు చూడు, అక్కడ పద్ధతి ఎలా ఉండేదో. పోలీసు జీపు ఊళ్లోకి వస్తే ఎక్కడ ఆగుతుంది? ఊళ్లో పెద్ద ఇల్లు ఏదో దాని ముందు ఆగుతుంది. ఎవడూ చెప్పక్కర్లా, డ్రైవరుకే తెలుసు. ఆ ఊళ్లో పెద్ద ఇల్లు శేషయ్య గారిది. పాతికెకరాల ఆసామి, చుట్టూ వరండా, ఫ్యాను, ప్లాస్టిక్ కుర్చీలు. మాకు ఫోన్ చేసి శవం సంగతి చెప్పింది కూడా ఆయనే. శవం దగ్గర కానిస్టేబుళ్లకి మజ్జిగ పంపించాడు, పంచనామాకి మధ్యవర్తుల్ని పిలిపించాడు, సామ్రాజ్యాన్ని ఓదార్చాడు. అంత మంచివాడు! మాకు పెసరట్టు, ఉప్మా. తిన్నాను అమ్మాయ్, అబద్ధం ఎందుకు, రెండు పెట్టించుకుని తిన్నాను. టీ అయిదు రూపాయలకి దొరికే రోజుల్లో పోలీసోడు డబ్బులిచ్చి టీ తాగితే ఊరంతా వింతగా చూసేది.

ఆ వరండాలోనే నా కాగితాలు పరుచుకున్నా. సాక్షుల్ని అక్కడికే పిలిపించాడు ఎస్సై. ఆడవాళ్లని కూడా! ఆడవాళ్ల దగ్గరికి మనం పోయి, వాళ్లింటి దగ్గరే అడగాలని చట్టం. నీకు తెలుసు, నాకూ తెలుసు. సాక్షుల్ని ఒకరి ముందు ఒకరిని అడగకూడదనీ తెలుసు. అయినా మెట్ల కింద వరసగా నిలబెట్టాం. పైన శేషయ్య గారు పేము కుర్చీలో, కాలు మీద కాలు వేసుకుని, ఒక్కొక్కరినీ ఆయనే పిలుస్తున్నాడు. "రావే, భయపడకు, సార్లు మనవాళ్లే, తెలిసింది చెప్పు" అని. మాకు ఎంత సాయంగా ఉందో అనుకున్నాం! నాకిప్పుడు తల్చుకుంటే ఒళ్లు మండిపోతుంది.

ఇంక నా ఘనకార్యం విను. నా చేతిలో ఒక మూస ఉండేది. "నేను పై విలాసంలో కాపురముంటూ వ్యవసాయ కూలి పనులు చేసుకుని జీవించుచున్నాను. మృతుడు నాకు బాగా ఎరుక. సదరు నేరము గూర్చి నాకు ఏమియు తెలియదు." ఇలా పోతుంది. సాక్షి నోరు తెరవకముందే సగం రాసేసేవాణ్ని. పేరు మార్చడమే. ఆ కాగితం మీద సాక్షి సంతకం ఉండదు కదా, చట్టంలోనే వద్దన్నారు, వాళ్ల మంచికే వద్దన్నారు. కానీ దాంతో ఏమైంది, మనం ఏం రాశామో వాళ్లు చూసుకోరు. వాళ్లు ఒకటి చెప్పి పోతారు, ఇక్కడ ఇంకోటి ఉంటుంది. పద్నాలుగు మందివి మధ్యాహ్నంలోపు రాసిపారేశాను. ఎస్సై "శభాష్ దానియేలు" అన్నాడు.

అందులో తొమ్మిదో మనిషి మరియమ్మ. కోతకూలీల ముఠా మేస్త్రి. పది మంది ఆడవాళ్లని వెంటేసుకుని కోతలకి పోతుంది. మన సంఘం కాదు, వాళ్లది పక్క చర్చి. గట్టి మనిషి. గొంతు పెద్దది, చేలో ఈ చివర అరిస్తే ఆ చివర వినపడాలి కదా. ఆ రోజు మాత్రం గొంతు లేదు ఆవిడకి. ఎస్సై అడిగాడు, "సాయంత్రం కల్లం దగ్గర ఎవరినైనా చూశావా?" అని. ఆవిడ వరండాలో కూర్చున్న శేషయ్య వైపు చూసింది, నా వైపు చూసింది, నెమ్మదిగా అంది, "సాయంత్రం కాదండీ. మధ్యాహ్నమే కప్పేసి ఉందండి పట్టా. పక్క చేలో కోస్తున్నాం, నేను చూశాను."

శేషయ్య నవ్వాడు. "మబ్బేసిందేమోలేవే, వానకి భయపడి కప్పుంటాడు" అన్నాడు. ఎస్సైకి విసుగొచ్చింది. సాయంత్రం సంగతి అడిగితే మధ్యాహ్నం సంగతి చెప్తుందేంటి, తర్వాత వాళ్లని పిలవండి అన్నాడు.

ఆ రోజు మబ్బు లేదు తల్లీ. చొక్కా ఒంటికి అతుక్కుపోయే ఎండ. మాఘమాసపు ఎండలో మిట్టమధ్యాహ్నం ఆరబోసిన కాయల్ని కుప్ప చేసి పట్టా కప్పే మొనగాడు ఈ గుంటూరు జిల్లాలో ఉన్నాడా? మా అమ్మ వినుంటే ఆ నిమిషంలోనే లేచి నిలబడేది. నా చెవిన పడింది. నా చెవినే పడింది. నాకు అర్థం కూడా అయింది, అదీ నా బాధ! ఒక్క క్షణం పెన్ను ఆగింది నాది. తర్వాత "ఏమియు తెలియదు" అని రాసేశాను. ఎందుకు రాశావంటే ఏం చెప్పను! పెద్దాయన నవ్వాడు, ఎస్సై విసుక్కున్నాడు, ఆవిడ కూలిమనిషి, నాకు పన్నెండుకల్లా అయిపోవాలి. అంతకన్నా కారణం లేదు. ఏదైనా గొప్ప కారణం ఉంటే బాగుండును.

ఇంకా ఘోరం ఏంటంటే, మేమా మాట రాయలేదు కానీ శేషయ్య రాసుకున్నాడు, మనసులో. ఈవిడ ఏదో చూసింది అని. మర్నాడు స్టేషన్‌కి తనే వచ్చాడు, ఎస్సై పక్కన కూర్చుని, "అనకూడదు గానండీ, మూడు రోజుల కింద సుబ్బారావుకీ యేసోబుకీ పెద్ద తగాదా అయిందండి, గేదె చేలో పడిందని. చంపుతానన్నాడు వాడు. ఆ సాయంత్రం కల్లం మీదుగా పోతుంటే చూసినోళ్లు కూడా ఉన్నారు" అన్నాడు. యేసోబు ఎవరు? మరియమ్మ మొగుడు. చూశావా! సాక్షి ఎవరో మేమే చూపించాం వాడికి, మా కుర్చీలేసి, మా కాగితాలు పరిచి!

యేసోబుని తెచ్చాం. తగాదా అయిన మాట నిజమే అన్నాడు పాపం. గేదె పడ్డ మాటా నిజమే. సాయంత్రం ఆ దారినే ఇంటికి పోయాడు, ఇంకో దారి లేదు వాడింటికి. కొట్టలేదు, అది చెప్పాలి, ఎస్సై చెయ్యి చేసుకోలేదు. కానీ పొద్దున్నే పిలిపించడం, సెంట్రీ పక్కన నేలమీద కూర్చోబెట్టడం, చీకటి పడేవేళకి ఇంటికి పొమ్మనడం. మర్నాడు మళ్లీ. అరెస్టు లేదు, కాగితం లేదు, డైరీలో పేరు లేదు. ఏ సెక్షన్ కింద కూర్చున్నాడయ్యా వాడు అక్కడ? ఆరు రోజులు. కోతలు మంచి జోరుగా ఉన్న రోజులు. వాడు మోకాళ్లు చుట్టుకుని కూర్చుని నా వైపే చూసేవాడు, నేను వాళ్లోడినే కదా, ఏమన్నా మాట సాయం చేస్తాననుకుని. నేను తలొంచుకుని రాసుకునేవాణ్ని. మీ అమ్మమ్మ ఒకరోజు నా మొహం చూసి, ఏంటి అన్నం తినట్లేదు అంది. కడుపులో బాగాలేదన్నాను.

ఎస్సై రేపు అరెస్టు చూపించేద్దాం అనుకుంటున్నాడు. ఆ వారంలోనే కొత్త సీఐ గారొచ్చింది. ఆడమనిషి. పొట్టిగా, కళ్లజోడు, మాట మెత్తగా. మేము అనుకున్నాం ఏముందిలే అని. ఫైలు అడిగింది, ఇచ్చాం. కుర్చీలో కూర్చుని పద్నాలుగు వాంగ్మూలాలూ చదివింది, ఒక్కటీ వదలకుండా. గంటన్నర పట్టింది. నన్ను పిలిచింది.

"దానియేలు గారూ, ఈ ఊళ్లో అందరూ ఒకే బళ్లో చదివారా?"

అర్థం కాలేదు నాకు. "లేదండీ, మేడం."

"మరి పద్నాలుగు మందీ ఒకే మాట ఒకే రకంగా ఎలా మాట్లాడారు? అరవై ఏళ్ల ముసలాయన, ఇరవై ఏళ్ల పిల్ల, ఇద్దరూ 'సదరు' అంటారా? వాళ్లెవరూ మాట్లాడలేదు ఇందులో. మీరే మాట్లాడారు." తర్వాత అడిగింది, "ఎక్కడ కూర్చుని రాశారు ఇవి?"

"శేషయ్య గారి వరండాలో మేడం."

"ఆయన ఎక్కడున్నారు అప్పుడు?"

"అక్కడే... పక్కనే కూర్చున్నారు మేడం."

ఫైలు మూసింది. అరిచిందా అంటే అరవలేదు. అరిచినా బాగుండేది. ఎస్సైని పిలిచి బయట నేలమీద కూర్చున్నది ఎవరు అంది. చెప్పాడు. ఏ కాగితం మీద అంది. కాగితం లేదు కదా. "అయితే ఇంటికి పంపండి. ఇప్పుడే. జీపులో. నా కళ్లముందు" అంది. ఎస్సై ఏదో అనబోయాడు, హంతకుడు పారిపోతే అని. "హంతకుడైతే కాగితం రాసి పట్టుకోండి, కాకపోతే వదలండి. మధ్యలో మూడోది లేదు" అంది. రాసుకో తల్లీ ఈ మాట. నేను అప్పట్నించీ గుర్తుపెట్టుకున్నాను.

మర్నాడు మేడం, నేను, ఒక ఆడ కానిస్టేబులు. జీపు ఊరి బయటే ఆపించింది. శేషయ్య పాలేరు ఎదురొచ్చాడు, అయ్యగారు రమ్మంటున్నారు, కాఫీ కలిపారు అని. "మేం తాగొచ్చామని చెప్పు" అంది. నడిచి కాలనీకి పోయాం. ప్రతి ఇంటికీ పోయింది. ఒక్కొక్కరినీ విడిగా, ఇంటి గుమ్మంలో కూర్చుని. నాకు ఒకటే చెప్పింది, మూస వద్దు, వాళ్లు ఎలా అంటే అలాగే రాయండి, బూతు మాట్లాడితే బూతు కూడా రాయండి అని. పెన్ను సాగలేదు, నమ్ముతావా! ముప్పై ఏళ్లు రాసినవాణ్ని, మనిషి మాట మనిషి మాటగా రాయడం రాలేదు నాకు. అరపేజీకి మూడు కొట్టివేతలు.

మరియమ్మ ఇంటికి వెళ్లాం. మొగుడు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఆవిడ మమ్మల్ని చూడగానే చేతులు కట్టుకుని నిలబడింది. "ఏం అడుగుతారమ్మా? చెప్తే ఏం చేస్తారు? ఒకసారి చెప్తే నా మొగుడ్ని తీసుకుపోయారు. ఈసారి నా కొడుకునా?"

"ఒకసారి చెప్పారా? ఎవరికి చెప్పారు?" అంది మేడం.

ఆవిడ నా వైపు వేలు చూపించింది. "ఈయనకే. పట్టా సంగతి. రాసుకున్నాడుగా, అడగండి."

మేడం నా వైపు తిరిగింది. అడక్కముందే చెప్పాను, రాయలేదండీ అని. మరియమ్మ నన్ను ఒక చూపు చూసింది... ఆ చూపు సంగతి వదిలెయ్. మేడం కింద కూర్చుంది, గుమ్మంలో, మట్టి మీద. "ఇప్పుడు రాస్తాడు. నేను చదివి వినిపిస్తాను మీకు. తప్పుంటే ఆపండి" అంది.

అప్పుడు చెప్పింది. ఆ రోజు వాళ్లు పక్క చేలో కోస్తున్నారు. అన్నాలు తిని మళ్లీ ఎవరి సాలు వాళ్లు కోయడం మొదలెట్టారు. పిడుగురాళ్ల బస్సు రెండింటికి పోతుంది ఆ రోడ్డున, అది ఇంకా పోలేదు. తలెత్తి చూస్తే సుబ్బారావు కల్లంలో కాయలు కుప్ప చేసి పట్టా కప్పి ఉన్నాయి. ఇదేంటి, మతిపోయిందా ఈయనకి, ఉడికిపోవా కాయలు అని పక్కావిడతో అంది. పక్కావిడని విడిగా అడిగితే ఆవిడా అదే చెప్పింది, కానీ తన మాటల్లో చెప్పింది. ఇంకో పిల్ల చెప్పింది, రోజూ సుబ్బారావు కుండలో నీళ్లు తాగుతాం, ఆ మధ్యాహ్నం పిలిస్తే పలకలేదు, అలిగాడేమో అనుకున్నాం అని. మేడం ఊరుకోలా. మరియమ్మ సాలులోకి తీసుకుపోయి, అక్కడే నిలబడి, నిజంగా కల్లం కనపడుతుందా లేదా అని తన కళ్లతో చూసుకుంది. కనపడుతుంది. దూరం అడుగులేసి కొలిచింది, పటం గీసింది.

అంటే రెండింటికి ముందే అయిపోయింది పని. ఆ టైములో యేసోబు ఎక్కడున్నాడు? ఆ చేలోనే, కోసిన కాయల గోతాలు మోస్తున్నాడు. పది మంది ఆడవాళ్లు, చేను ఆసామి కొడుకు, అందరూ చెప్పారు. పది నిమిషాలు కూడా కనపడకుండా లేడు. ఆరు రోజులు నేలమీద కూర్చోబెట్టాం వాణ్ని!

మరి శేషయ్యో? అదే చోద్యం. ఆ సాయంత్రం ఆయన గుంటూరు మిర్చి యార్డులో ఉన్నాడు, వందమంది చూశారు. సాయంత్రానికి ఆయన్ని ఎవడూ వేలెత్తి చూపలేడు. మధ్యాహ్నానికో? మధ్యాహ్నం సంగతి ఎవడూ అడగలేదు ఆయన్ని. ఆయన్ని తీసుకెళ్లిన వ్యాను డ్రైవర్ని మేడం మార్టూరులో పట్టుకుంది, రాళ్ల లోడు కోసం ఆగి ఉన్నాడు. వాణ్నీ బెదిరించలేదు. టీ ఇప్పించింది, తన డబ్బులతో. వాడు చెప్పాడు, పొద్దున పదింటికి బయల్దేరదామన్నాడండి, మళ్లీ ఆగమన్నాడు, రెండున్నరకి వచ్చాడు, తల తడిగా ఉంది, దారంతా చేతులు మంట మంట అని గోల పెట్టాడు, పేటలో బండి ఆపించి పెరుగు కొనుక్కుని రెండు చేతులకీ రాసుకున్నాడండి అని.

పెరుగు! అర్థమైందా నీకు? పాతికెకరాల ఆసామి, జీవితంలో కాయ ముట్టుకోడు. కూలోళ్ల చేతులు మండవా అంటే మండుతాయి, అలవాటు పడతారు. ఈయన ఆ ఎండలో, చెమట చేతులతో, మనిషి కనపడకుండా కుప్పంతా దగ్గరికి లాగాడు. వినగానే నాకు మా అమ్మ చేతులు గుర్తొచ్చాయి.

అప్పుడు నీళ్ల సంగతి బయటికొచ్చింది. కాలువ తూము నించి నీళ్లు పెట్టుకునే వంతు ఆ వారం సుబ్బారావుది. ఈయన గట్టు తెంపి తన చేలోకి తిప్పుకున్నాడు. సుబ్బారావు నీళ్లాఫీసులో అర్జీ పెడతానన్నాడు. ఆ మధ్యాహ్నం కల్లంలో మాటా మాటా వచ్చింది, కౌలుకి చేసుకునేవాడు నా మీద అర్జీ పెడతాడా అని ఈయనకి మండిపోయింది. అర్జీ కాగితం సుబ్బారావు ఇంట్లోనే ఉంది, సామ్రాజ్యం దేవుడి పటం వెనక నించి తీసిచ్చింది. మొదటిరోజు ఆవిడని మేం అడిగింది ఒక్కటే ప్రశ్న, నీ మొగుడికి తాగుడుందా అని! థూ!

అరెస్టు ఎలా చేసిందో అది చూడాలి నువ్వు. ఫోన్ల లెక్క వచ్చింది, యార్డు గేటు దగ్గర లోపలికి పోయిన టైము కాగితం వచ్చింది, అవన్నీ ఒకచోట పెట్టుకుని, అప్పుడు వెళ్లింది. పొద్దున తొమ్మిదింటికి. అదే వరండా. శేషయ్య లేచి, "రండి మేడం, కూర్చోండి, కాఫీ" అన్నాడు. ఆయన భార్య పాపం అప్పటికే గ్లాసులు పట్టుకుని వచ్చింది. "మీరు తాగండి శేషయ్య గారూ. మేం నిలబడతాం" అంది మేడం. తాగనిచ్చింది. తర్వాత ఏ నేరం మీద, ఏ కారణాలతో అరెస్టు చేస్తున్నామో చదివి వినిపించింది, కాగితం చేతికిచ్చింది, పెద్దకొడుకుని పిలిచి ఎక్కడికి తీసుకెళ్తున్నామో చెప్పింది, వకీలుని పెట్టుకోండి అంది, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించింది. ఒక చెయ్యి ఎత్తలేదు, ఒక పరుషమైన మాట లేదు. ఆయనే అరిచాడు. "నా ఇంట్లో తిని నన్నే!" అంటాడు. నా మొహం చూసి అన్నాడు తల్లీ ఆ మాట. మేడం వైపు చూసి అనలేకపోయాడు.

ఆయన్ని ఆస్పత్రిలో చూపించారు, అడగ్గా అడగ్గా దేంతో కొట్టాడో ఒప్పుకున్నాడు, వీఆర్వోనీ ఇంకొకాయన్నీ మధ్యవర్తులుగా పెట్టుకుని ఆయన చెప్పిన చోటికి పోయారు. బోరు షెడ్డులో తొట్టి, ఆ తొట్టి అడుగున పార. కర్ర కడిగాడు కానీ ఇనుము, కర్ర కలిసేచోట కడగలేకపోయాడు. మర్నాడు మెజిస్ట్రేటు ముందు పెట్టారు, ఇరవైనాలుగ్గంటలు దాటకుండా. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే. చట్టప్రకారం చేస్తే పని కాదని మా వాళ్లు చెప్తుంటారే, ఐదు రోజుల్లో అయిపోయింది ఆవిడకి. మేం ఎనిమిది రోజులు చట్టం తప్పి ఏం సాధించాం, ఒక అమాయకుణ్ని నేలమీద కూర్చోబెట్టడం తప్ప!

అయిపోయిందనుకుంటున్నావు కదూ? ఎక్కడ! యేసోబుని వదిలేశాం కదా, పేపర్లో కూడా హంతకుడని శేషయ్య పేరే వచ్చింది కదా. అయినా ఆ ఏడు వాణ్ని ఎవడూ పనికి పిలవలేదు. పోలీసులు తీసుకుపోయినోడు, ఎందుకొచ్చిన గొడవ అని. శేషయ్య బంధువులు ఒకళ్లా ఇద్దరా, సగం చేలు వాళ్లవే. మరియమ్మ ముఠాని కూడా మాన్పించారు. వాడు మార్టూరు పోయాడు, గ్రానైట్ పాలిష్ పట్టేచోట చేరాడు. ఆ దుమ్ము గొంతులో పడింది. ఇంటికి నెలకోసారి వచ్చేవాడు దగ్గుకుంటూ. మాకు? మాకు ఆ కేసుకి మెచ్చుకోలు కాగితాలిచ్చారు. ఎస్సైకి ఒకటి, నాకొకటి. దండ వేసి ఇచ్చారు. సభలో అందరూ చప్పట్లు కొట్టారు. నేనెందుకు తీసుకున్నానో అడగకు.

మూడేళ్లకి కోర్టుకొచ్చింది. మరియమ్మ బోనెక్కింది. శేషయ్య వకీలు పెద్ద వకీలు, గుంటూరు నించి. నేను రాసిన మొదటి కాగితం చేత్తో పట్టుకుని ఊపాడు. "నీ మొదటి వాంగ్మూలంలో నీకు ఏమీ తెలియదన్నావు. ఇప్పుడు మొగుణ్ని కాపాడుకోవడానికి కథ అల్లావు. అవునా?" అని. గంటసేపు. అదే కాగితం, నా ముత్యాల్లాంటి చేతిరాత. ఆవిడ ఒకటే మాట, "నేను చెప్పానండి, ఆయన రాయలేదండి" అని. ఎన్నిసార్లడిగినా అదే. జడ్జి గారు ఎవరు రాశారిది అన్నారు. నన్ను బోనెక్కించారు.

ఎస్సై, అప్పటికి ప్రమోషనొచ్చింది ఆయనకి, బయట వరండాలో నా భుజం మీద చెయ్యేసి చెప్పాడు, గుర్తులేదని చెప్పు దానియేలూ, రిటైర్మెంటు దగ్గరికొచ్చింది నీకు, గుర్తులేదంటే ఎవడూ ఏమీ చెయ్యలేడు అని. నిజమే. ఎవడూ ఏమీ చెయ్యలేడు.

నేను చెప్పాను. ఆమె చెప్పింది, నేను విన్నాను, నేను రాయలేదు. నిందితుడు పక్కన కూర్చుని ఉండగా అడిగాం అని కూడా చెప్పాను. ముప్పైనాలుగేళ్ల సర్వీసులో సొంతంగా నేను చెప్పిన మాట అదొక్కటే. మెమో ఇచ్చారు, ఇంక్రిమెంటు ఆపారు. ఆపనీ. శేషయ్యకి యావజ్జీవం పడింది.

ఆ రోజు కోర్టు బయట మరియమ్మ బస్సు కోసం నిలబడి ఉంది. నేను దగ్గరికి పోయాను. ఏమనుకుంటూ పోయానో కూడా చెప్పనా, సిగ్గులేకుండా, థాంక్స్ చెప్తుందేమో అనుకున్నాను. ఆవిడ అరవలేదు. "ఈ మాట ఆ రోజే రాసుంటే నా మొగుడు మార్టూరు పోయేవాడు కాదయ్యా" అంది. బస్సొస్తే ఎక్కిపోయింది.

నేను ఎక్కాల్సిందీ ఆ బస్సే. తర్వాత దానికి పోయాను.

ఆ ఫోను ఆపెయ్ ఇంక. ఆపావా? సర్లే. ఇలా రా తల్లీ, దగ్గరికి రా, తల మీద చెయ్యి పెట్టనివ్వు. ఎన్ని కేసులైనా పట్టు, ఎన్ని స్టార్లైనా పెట్టుకో, ప్రభువు నీకు తోడుండాలి. కానీ ఆ మాట... అలాంటి మాట నీతో ఎవరూ అనే రోజు రాకూడదు. అంతే. అంతకన్నా దీవెన నాకు తెలీదు...